వడ్రంగి నమూనాలకు తగిన చిత్రణ సాధనము

పూజగది తలుపులను మీరందఱును చూచియుందురు. నడుమ చిన్న చిన్న గళ్లు, ఆ గళ్లలో వ్రేలాడు ఇత్తడి గంటలు, పైని కలశమో, శంఖచక్రములో, జంట చిలుకలో ఉండును. ఎడమ రెక్కపై నున్న చిలుక కుడి రెక్కపై నున్న చిలుకకు ముక్కునుండి తోకవఱకు సరిపడవలెను. వెంట్రుకవాసి తేడా వచ్చినను తలుపు మూసినప్పుడు కొట్టవచ్చినట్లు కనబడును. అందుచేత వడ్రంగి చెక్కపై నేరుగా గీయడు. ముందు కాగితముపై గీసి, దానిని అట్టకు అంటించి, గీత వెంబడి కత్తిరించి, ఆ అట్టను చెక్కపై నుంచి అంచు చుట్టును పెన్సిలు త్రిప్పును. రెండవ రెక్కకు అదే అట్టను బోర్లించి పెట్టును.

ఈ పద్ధతిలో తప్పేమియు లేదు. తరతరముల పని దానితోనే సాగినది. చిక్కు వేఱొకచోట నున్నది. రెండడుగుల తలుపుకు గీసిన చిలుక మూడడుగుల తలుపుకు చాలదు. మరల మొదటినుండి గీయవలసినదే. అట్టలకు చెదలు పట్టును, అంచులు అరిగిపోవును. ఒక్కొక్కచోట పనివానితోపాటు అతని మాదిరులును నశించుట కలదు. వీనిని కంప్యూటరుపై గీసి దాచుకొనినచో ఈ చిక్కులు చాలవఱకు తీరును. అయితే అందుకు తగిన సాఫ్టువేరును ఎన్నుకొనవలెను.

కంప్యూటరులో బొమ్మలు రెండు విధములు. మొదటిది ఛాయాచిత్రము వంటిది. అది లెక్కకు మిక్కిలియైన రంగు చుక్కల కూర్పు. దానిని పెంచినచో చుక్కలును పెరిగి, అంచు మెట్లు మెట్లుగా కనబడును. ఆ మెట్ల వెంబడి రంపము నడుపుట ఎట్లు? రెండవది వెక్టరు చిత్రము. ఇందు చుక్కలు దాచబడవు. గీత ఎచ్చట మొదలిడినది, ఎచ్చట ముగిసినది, నడుమ ఎటు వంగినది అను లెక్క మాత్రమే దాచబడును. పరిమాణము మార్చినచో కంప్యూటరు ఆ లెక్కనుబట్టి గీతను క్రొత్తగా గీయును. కావున అరచేయంత చిలుకను తలుపంత చేసినను అంచు నున్నగనే యుండును. ఈ వంపుల గణితము ఫ్రాన్సు దేశపు మోటారు కార్ల సంస్థలలో పుట్టినదన్న మీకు వింత తోచవచ్చును. 1959లో సిత్రోయెన్ సంస్థలో పాల్ ద కాస్తెల్జో, 1960ల దశకములో రెనో సంస్థలో పియెర్ బెజియే, కార్ల పైరేకుల వంపులను లెక్కలో తెలుపుటకై దీనిని రూపొందించిరి. నేడు వానిని బెజియే వక్రరేఖలని పిలుచుచున్నారు.

ఇక వెల సంగతి. అడోబి ఇలస్ట్రేటరు చిత్రకారులలో మిక్కిలి ప్రసిద్ధమైనది. పూర్వము దానిని ఒకసారి కొని ఉంచుకొనుట సాధ్యముగా నుండెను. 2013 నుండి క్రొత్త కూర్పులను ఆ సంస్థ అద్దెకు మాత్రమే ఇచ్చుచున్నది. అద్దె మానినచో సాధనము పనిచేయదు. దాని సొంత రూపములో దాచిన నమూనాలను సవరించుటయు కష్టమగును. నెలకు నాలుగు తలుపులు చేయు వడ్రంగికి ఇది గిట్టుబాటు బేరము కాదని నా అభిప్రాయము. పెండ్లి పత్రికలు అచ్చువేయు దుకాణములలో తఱచు కనబడు కోరెల్‌డ్రా మంచి సాధనమే గాని, అదియును వెల పెట్టి కొనవలసినదే. వెలకు జంకి దొంగప్రతులను వాడువారు కలరు. అది చట్టవిరుద్ధము, పైగా అట్టి ప్రతులతోపాటు వైరసులు చేరి దాచుకొన్న పనియంతయు పాడగు ప్రమాదము కలదు.

వెల లేని సాధనములలోను రెండు తెగలున్నవి. 2024లో కాన్వా సంస్థ కొనిన అఫినిటీ 2025 అక్టోబరులో ఉచితము చేయబడినది. కాని అది యజమాని దయతో ఇచ్చినది. ఇచ్చినవాడు నియమములు మార్చవచ్చును. ఇంక్‌స్కేపు అట్టిది కాదు. 2003లో ఆరంభమైన ఈ సాధనమును పలు దేశముల ప్రోగ్రామర్లు కలసి పెంపొందించుచున్నారు. దాని మూలరచన అందఱకును తెఱచి యుంచబడినది. ఎవరైనను వాడవచ్చును, పంచవచ్చును, మార్చవచ్చును. అది బొమ్మలను దాచు ఎస్‌వీజీ రూపము కూడ 2001లో ప్రకటింపబడిన బహిరంగ ప్రమాణము. ఇతర సాధనములును దానిని చదువగలవు. క్రొత్తగా ఆరంభించువానికి దీనినే చూపుదును. అలమర కొలతల పటములకు మాత్రము లిబ్రేక్యాడ్ మేలు. అదియును ఉచితమే గాని, చిలుక మెడ వంపు దానిలో అంత సుఖముగా కుదరదు.

చిత్రకారునికి బొమ్మ అందముగా నున్న చాలును. వడ్రంగికి కొలతయు సరిపోవలెను. ఇంక్‌స్కేపు పాత కూర్పులు అంగుళమునకు 90 పిక్సెళ్లుగా లెక్కించెడివి. 2017లో వెలువడిన 0.92 కూర్పు నుండి అది 96 అయినది. 90 లెక్కన 160 మిల్లీమీటర్లున్న పలక, 96 లెక్కన 150 మిల్లీమీటర్లు మాత్రమే అగును. ఒక సెంటీమీటరు తగ్గిన పలక చట్రములో నిలుచునా? పాత నమూనాను తెఱచునప్పుడు సాధనము ఈ విషయమున ప్రశ్నించును. చదువకయే మీట నొక్కువారికే నష్టము.

కావున నమూనా ప్రక్కనే 100 మిల్లీమీటర్ల చదరమొకటి గీయవలెను. కాగితమునకు తగినట్లు కుదింపక, ఉన్న పరిమాణముననే ముద్రింపుమని యంత్రమునకు చెప్పి, అచ్చయిన చదరమును ఉక్కు కొలబద్దతో నిలువును అడ్డమును కొలువవలెను. 97 వచ్చినచో ముద్రణలో కుదింపు జరిగినదన్నమాట.

ఛాయాచిత్రమునుండి గీతలు తీయు సదుపాయము ఇంక్‌స్కేపులో కలదు. కాని దానిని నమ్మి వదలివేయరాదు. చేతితో గీసిన వృత్తమునకు నాలుగు బిందువులు చాలగా, అట్లు తీసిన వృత్తమునకు పదులకొలది బిందువులు రావచ్చును. వానిని తగ్గింపకున్న అంచు వణకినట్లుండును.

పట్టణములలో కంప్యూటరు ఆజ్ఞలతో చెక్క తొలుచు సీఎన్‌సీ యంత్రములు వచ్చినవి. అచ్చటివారు సాధారణముగా డీఎక్స్ఎఫ్ రూపమును అడుగుదురు. ఇంక్‌స్కేపు దానిని ఇయ్యగలదు. గీయునప్పుడు యంత్రపు బిట్టు మందమును మఱువరాదు. 6 మిల్లీమీటర్ల బిట్టు గుండ్రముగా తిరుగును గనుక, లోమూలలో 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధము గల వంపు మిగులును. చిలుక ముక్కు క్రింది సందు వంటి చోట్ల ఆ మిగిలిన చెక్కను సన్న ఉలితో తీయవలసి యుండును.