బుల్లెట్ ముందుకెళ్తుంది.. మరి ఖాళీ షెల్ ఎటు పడుతుంది?

షూటింగ్ రేంజ్‌లో రైఫిల్ పేల్చగానే బుల్లెట్ టార్గెట్ వైపు దూసుకెళ్తుంది. దాని ఇత్తడి షెల్ మాత్రం మీ దగ్గరే ఉండిపోతుంది. బోల్ట్ రకం .22 రైఫిల్ అయితే మీరు బోల్ట్ వెనక్కి లాగినప్పుడే షెల్ బయటికొచ్చి పక్కన పడుతుంది. సెల్ఫ్ లోడింగ్ రైఫిళ్లు అలా కాదు. చాలావరకు వాటంతటవే కుడివైపు విసిరేస్తాయి, అదీ చురుక్కుమనేంత వేడితో. (10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కైతే షెల్ గొడవే లేదు.)

చర్మం కాస్త కాలడం పెద్ద సమస్య కాదు. కాలర్‌లో షెల్ పడగానే ఉలిక్కిపడి, చేతిలో రైఫిల్‌తోనే పక్కకు తిరుగుతారు చూడండి, అసలు ప్రమాదం అదీ! లేన్‌ల మధ్య అడ్డుతెరలు, రైఫిల్‌కు తగిలించే షెల్ క్యాచర్ సంచులు అందుకే. మీరు వెళ్తే మెడ మూసే చొక్కా, టోపీ, రక్షణ కళ్లద్దాలు వేసుకోండి. షెల్ లోపల పడినా సరే.. ముందు ట్రిగ్గర్ మీంచి వేలు తీయండి, బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి రైఫిల్ కింద పెట్టండి, ఆ తర్వాతే దులుపుకోండి. ముందుకు దొర్లిన షెల్ కోసం ఫైరింగ్ ఆగకుండా వంగొద్దు.

ఎన్‌సీసీ చేసినవాళ్లకు తెలిసిందే, ఇచ్చిన తూటాలకు, తిరిగి అప్పగించే ఖాళీ షెల్స్‌కు లెక్క సరిపోవాలి. ఒక్కటి తగ్గినా, పేలని తూటా ఎవరి జేబులోనైనా ఉండిపోయిందా అన్న అనుమానం మొదలవుతుంది. కాబట్టి జ్ఞాపకంగా ఒకటి తెచ్చుకుందామనుకోవద్దు. బ్యాగులో మరిచిపోతే ఎయిర్‌పోర్టు తనిఖీలోనూ సమాధానం చెప్పుకోవాల్సి రావచ్చు.