ఆయిలు ఇంజను మరమ్మతు: తిరుగు భాగముల తూకము

కోనసీమ చేలలో ముంపునీరు తోడు ఆయిలు ఇంజను, విప్పి కట్టించిన పిదప, పునాది బోల్టులు బిగుతుగా నున్నను అదురుచున్నచో, తిరుగు భాగముల తూకము చూపించవలెను. నిమిషమునకు 1500 చుట్లు తిరుగు ఫ్లైవీలులో, ఇరుసుకు 20 సెంటీమీటర్ల దూరమున ఒకవైపు 100 గ్రాములు ఎక్కువైనచో, ఆ లాగుడు సుమారు 50 కిలోల బరువుకు సమానము. దానివలన బేరింగులు త్వరగా అరుగును.

1. కొత్త పిస్టను పాతదానితో సమానముగా తూగవలెను.

2. ఫ్లైవీలును ఇరుసుతో సమమట్టపు పట్టాలపై దొర్లించవలెను. ప్రతిసారి ఒకే వైపు కిందికి వచ్చి ఆగినచో, అచట బరువెక్కువ. ఆ అంచున మెకానిక్కుచే కొద్దికొద్దిగా డ్రిల్లు చేయించవలెను.

3. కొన్ని ఒంటి సిలిండరు ఇంజనుల ఫ్లైవీలుకు తయారుచేసినవారే కావలెనని ఒకవైపు బరువు ఉంచుదురు. దానిని తీయరాదు. ముందు ఇంజను పుస్తకము చూడవలెను.

ముంపు వేళ ఇంజను ఆగినచో పైరు కుళ్లును. కావున వానలకు ముందే ఈ పరీక్ష చేయించుట మేలు.