రాగం తీస్తే కథ ఆగుతుందా?

ఫిజిక్స్ చదివేవాడికి పద్యనాటకాలతో ఏం పని? హాస్టల్లో నన్ను తరచు అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది ఒక్క నాటకమూ పూర్తిగా చూసినవారు కారు. రెండేళ్ల కిందటి దాకా నేనూ చూడలేదు లెండి.

మాది గూడెం కొత్తవీధి. కాఫీ, మిరియాలు, కొంచెం వరి. మా కొండల్లో పాటంటే థింసా. మోరీ ఊదుతారు, డప్పు, తుడుము మోగిస్తారు, ఆడవాళ్లు ఒకరి వీపు మీదుగా ఒకరు చేతులు కలిపి వలయంగా తిరుగుతారు. చూస్తూ నిలబడ్డవాడిని కూడా లోపలికి లాగేస్తారు. అందుకే విశాఖలో సురభివారి 'మాయాబజార్'కు వెళ్లినప్పుడు, ఇంతమంది కదలకుండా కూర్చుని పాట వినడమేమిటని వింతగా తోచింది. మాయలు బాగానే ఉన్నాయి. నన్ను పట్టుకున్నది మాత్రం పద్యం.

ఉత్పలమాలలో పాదానికి 20 అక్షరాలు, నాలుగు పాదాలకు 80. మామూలుగా చదివితే అరనిమిషం పట్టదు. నటుడు దాన్నే రాగం తీసి మూడు నాలుగు నిమిషాలు పాడతాడు. కథ ఆగిపోయిందనిపిస్తుంది. కానీ బలిజేపల్లి లక్ష్మీకాంతంగారి హరిశ్చంద్ర నాటకంలో కాటి సీను చూడండి. కొడుకు శవంతో వచ్చినది తన భార్యేనని తెలిశాక కూడా హరిశ్చంద్రుడు కాటిసుంకం అడగాలి. అడగడానికి ఒక్క క్షణం చాలు. ఆ మాట నోటికి రావడానికి మనిషికి ఎంతసేపు పడుతుందో రాగమే చెబుతుంది.

ఇదేదో అనాదిగా ఉన్నది కాదు. రాజమండ్రిలో వీరేశలింగంగారు విద్యార్థులచేత నాటకం ఆడించింది 1880లో. కడప జిల్లా సురభి గ్రామంలో వనారస వారి 'కీచకవధ' 1885లో. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులుగారు నాటకాలకు పాట బలం చేకూర్చారు.

ఇక హార్మోనియం. తిత్తి తోసిన గాలికి ఇత్తడి రీడు కంపిస్తుంది. రీడు పొడవు, మందాలను బట్టి స్వరం స్థిరం. ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకు జారే వీల్లేదు. ఈ కారణం కూడా చెప్పి 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి దాన్ని దూరం పెట్టింది. నాటకానికి కావలసింది ఆ స్థిరత్వమే! మైకులు లేని రోజుల్లో పందిరి చివరిదాకా గొంతెత్తేవాడికి ఆనుకోవడానికి ఒక స్తంభం ఉండాలి కదా. జారుడంతా గొంతు చూసుకుంటుంది.

'వన్స్‌మోర్' అనే కేకను పెద్దలు కొందరు విసుక్కుంటారు. నాకది మా థింసాలాగే కనిపిస్తుంది. కూర్చున్నవాడూ ఆటలో చేరుతున్నాడు. శవంగా పడుకున్న లోహితాస్యుడు మాత్రం పాపం ఇంకో నాలుగు నిమిషాలు ఊపిరి బిగబట్టాలి!

ఈమధ్య ఒక పోటీలో పద్యానికి మూడు నిమిషాలే ఇచ్చారు. రాగం ఎత్తుకునేసరికి గంట కొట్టారు. రాగం తగ్గించి పాడుకోమని సలహా కూడా. తగ్గిస్తే మిగిలేది ఆ 80 అక్షరాలే, వాటిని పుస్తకంలో చదువుకోవచ్చు.

యూనియన్ మిత్రులకు నా మనవి ఒకటే. వచ్చే వార్షికోత్సవంలో కాటి సీనుకు ముప్పావుగంట ఇవ్వండి. హార్మోనిస్టును పిలిపించడానికి, మేకప్‌కు ఖర్చవుతుంది, నిజమే. నా వంతు చందా అడిగితే మా నాన్న, "కాఫీ పళ్ల డబ్బులు రంగులకీ మీసాలకీనా?" అన్నాడు, కానీ ఇచ్చాడు. వీరబాహుడి వేషానికి ఇప్పటికే ఇద్దరు పోటీ పడుతున్నారు. హరిశ్చంద్రుడే ఇంకా దొరకలేదు. గొంతున్నవాళ్లు మా రూముకు రండి.