బడి యెవరిది?

జ్యేష్ఠమాసము సమీపించినదనిన మన గృహములందు రెండు పనులు తటస్థించును. వానలు రాకమునుపే ఊరగాయలు, పప్పులు భద్రపరచుకొనుట యొకటి. పిల్లల నేబడిలో చేర్పవలెనో నిశ్చయించుకొనుట రెండవది. మొదటిది నాలుగు దినముల పని. రెండవది నిద్ర పట్టనీయదు. వీధిమొగలందెల్ల ర్యాంకులు వచ్చిన బాలబాలికల చిత్రములు నిలువెత్తున వెలసియుండును. బడి తరఫున ఇంటికి వచ్చినవారు ఫీజుల పట్టిక చేతికిచ్చి, ముందుగా చెల్లించినచో ఇంత తగ్గింతుమందురు. చీరల బేరమునకును చదువుల బేరమునకును భేదము కానరాకున్నది.

ప్రైవేటు బడులను మెచ్చువారి మాటలను మేము త్రోసివేయజాలము. అచట మొదటి తరగతినుండియు ఆంగ్లము చెప్పుదురు. బండి గుమ్మమువద్దకు వచ్చును. పంతులు రాకపోయినచో అడుగువారు కలరు. తన బిడ్డ తనకంటె మేలుగా బ్రతుకవలెనని మెడలోని గొలుసు తాకట్టుపెట్టిన తల్లిని నిందించుట అధర్మము. ప్రభుత్వము కాక యితరులు బడి పెట్టుట పాపమును కాదు. వీరేశలింగము పంతులుగారు 1874లో ధవళేశ్వరమున బాలికా పాఠశాల నెలకొల్పినపుడు అదియు ఒక వ్యక్తి యుద్యమమే. అయితే ఆ బడి ఎవ్వరును పిలువని ఆడుబిడ్డలను రమ్మని పిలిచినది. నేటి పెద్ద వ్యాపార సంస్థలు మొదట చూచునది తల్లిదండ్రుల చేతి సంచి, పిమ్మట బిడ్డ మార్కులు. ద్రోణుడు రాచపిల్లలకు విద్య గరపుచు ఏకలవ్యుని శిష్యునిగా స్వీకరింపలేదు. కాని దక్షిణ మాత్రము గ్రహించెను. ఆ బొటనవ్రేలి కథ మనకింకను బాధ కలిగించుటకు హేతువిదియే గదా.

చట్టముమాట చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున విరాళముల పేర సీట్లమ్ముటను నిషేధించుచు 1983లోనే శాసనము చేసిరి. 1993లో ఉన్నికృష్ణన్ వ్యాజ్యమున సుప్రీముకోర్టు 14 ఏండ్లలోపు బాలలకు విద్య ప్రాథమిక హక్కని తీర్పు చెప్పినది. 2002లో టి. ఎం. ఏ. పాయ్ సంస్థ వ్యాజ్యమున 11గురు న్యాయమూర్తులు కూర్చుండి, ప్రైవేటువారు విద్యాసంస్థలు నడుపుకొనవచ్చుననియు, సంస్థ వృద్ధికై కొంత మిగులు ఉంచుకొనవచ్చుననియు, లాభాపేక్షతో దోచుట మాత్రము కూడదనియు నిర్ణయించిరి. గీత బాగుగనే గీచిరి. మిగులెచట ముగియును, లాభమెచట మొదలగును అనునది మాత్రము ఫీజు కట్టు తల్లికి తెలియు మార్గము లేదు.

మఱియొక విశేషము కలదు. 2020లో ఆంధ్రప్రదేశమున ‘అమ్మఒడి’ యను పేర పేద తల్లులకు ఏటేట 15,000 రూపాయలు నిర్ణయించిరి. 2025లో ‘తల్లికి వందనము’ అను పేర బిడ్డ బిడ్డకును ఇచ్చునట్లు మార్చిరి. తల్లి చేతికి ధనము వచ్చుట ముదావహమే. కాని బిడ్డ సర్కారు బడికి పోయినను ప్రైవేటు బడికి పోయినను ఆ సొమ్ము వచ్చును. కావున ప్రజాధనము ఏ బడి గడప త్రొక్కవలెనో తేల్చుభారము కొంతవరకు మనపై పడినది.

ఇట్టి పద్ధతికి దూరపు బంధువొకటి దక్షిణ అమెరికాలోని చిలీ దేశమున కలదు. అచ్చటివారు 1981లో, పిల్లవాడేబడికి పోయిన ఆ బడికే ప్రభుత్వ ద్రవ్యము పోవునట్లు ఏర్పరచిరి. బడులు పోటీపడి బాగుపడునని వారి యాశ. పిల్లలు పురపాలక సంఘముల బడులు విడిచి ప్రైవేటు బడులకు తరలిరి. పిమ్మట ఆ బడులవారు పైఫీజు కూడ తీసికొనుటకు అనుమతి పొందిరి. కలవారి పిల్లలొకచోట, లేనివారి పిల్లలింకొకచోట చేరిరి. 2006లోను 2011లోను విద్యార్థులే వీధులకెక్కి ఇది అన్యాయమనిరి. తుదకు 2015లో, ప్రభుత్వ ద్రవ్యము పుచ్చుకొను బడులు లాభము తీయుటయు, పిల్లలను ఏరుకొనుటయు, పైఫీజు కట్టించుకొనుటయు క్రమముగా మానవలెనని చట్టము చేసిరి. తప్పు దిద్దుకొనుటకు 34 ఏండ్లు పట్టినది.

మన పల్లెలలో జరుగుచున్నదేమి? పదుగురు పిల్లలు బడి విడిచినచో లెక్క తగ్గును. లెక్క తగ్గినచో ఉపాధ్యాయుని వేరొక చోటికి మార్తురు. మిగిలిన యొక్క పంతులు అయిదు తరగతులకును చెప్పలేక సతమతమగును. అది చూచి మఱి నలుగురు విడుతురు. ముందుగా విడుచువారెవరు? అధికారికి అర్జీ వ్రాయగలవారు, సభలో లేచి అడుగగలవారు. నోరుగలవారు వెళ్లిపోయిన బడికి నోరుండదు.

ఇచట మా దోషము దాచుట న్యాయము కాదు. మా యింటివారు సర్కారు బడిలో ఉపాధ్యాయులు. అయినను మా పెద్దపిల్లను ఫీజు కట్టు బడికే పంపితిమి. వారి తరగతిలో చదువు నొక బాలుని నాయనమ్మ మా యింటికి మజ్జిగకై వచ్చి, ఒకనాడు మెల్లగా నడిగెను: “అమ్మగారూ, అయ్యగారు చెప్పే చదువు మంచిది కాదాండీ? మరి పాపని వేరే బడికెందుకు పంపారు?” ఆమె మాటలో ఎత్తిపొడుపు లేదు, నిజముగా తెలిసికొనగోరి యడిగినది. మాకు బదులు తోపలేదు.

మరుసటి యేడు చిన్నవానిని వారి బడిలోనే చేర్చితిమి. మొదట ఆంగ్లమున వెనుకబడెను. సాయంకాలములందు ఇంట చెప్పుకొంటిమి. ఆ బడిలో కొళాయికి నీరు రాదనియు, ఆడపిల్లల మరుగుదొడ్డికి గడియ లేదనియు మాకు తెలిసినది అప్పుడే. అంతకుముందును మా యింటివారు దినదినము ఆ బడికే పోవుచుండిరి. మేమొకనాడైనను అడిగి యెరుగము. యాజమాన్య సంఘపు సమావేశమునకు మరి ముగ్గురు తల్లులతో పోయి ఆ రెండు సంగతులును చెప్పితిమి. నెల దాటకమున్నే గడియ అమర్చిరి. కొళాయికి మరి రెండు నెలలు తిరుగవలసివచ్చెను.

ఈ సంఘము సంగతి మనలో పెక్కుమందికి తెలియదు. 2009 నాటి విద్యాహక్కు చట్టము ప్రకారము ప్రభుత్వ పాఠశాల యాజమాన్య సంఘమున నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులే యుండవలెను. సభ్యులలో సగము స్త్రీలు కావలెను. బడి నడకను పరిశీలించుట, అభివృద్ధి ప్రణాళిక వ్రాయుట, వచ్చిన ధనము ఏమాయెనో చూచుట వారి విధులు. తెలంగాణమున 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల సంఘములు ఏర్పరచి బడుల మరమ్మతు పనులను స్త్రీల పొదుపు సంఘములవారి చేతికిచ్చిరి. ఫీజు కట్టిన బడిలో మనము కొనుగోలుదారులము. నచ్చనిచో వేరొక దుకాణమునకు పోవుటయే మన హక్కు. సర్కారు బడిలో మనము యజమానురాండ్రము. మన పీట ఖాళీగా ఉన్నది, అంతియే.

ప్రజాధనముతో నడచు బడి తక్కువదను తలంపును విడుతము. 1971లో సర్వేలులో తొలి గురుకుల పాఠశాల వెలసినది. సాంఘిక సంక్షేమ గురుకులమున చదువుచుండిన గిరిజన బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25వ తేదీన, 13వ యేట, ఎవరెస్టు శిఖరమెక్కెను. ఆమె నచటికి పంపినది ప్రజల బడియే.

అందరును రేపే ప్రైవేటు బడులు మాన్పింపవలెనని మేమనము. ఎవరి కష్టము వారిది. బిడ్డ యేబడిలో చదివినను మన యూరి సర్కారు బడిని ఏడాదికొకసారి చూచి రండు. అచట బిడ్డలున్నవారు సంఘములో కూర్చుండుడు. చూచినది చెప్పుడు. మా పెద్దపిల్ల ఇప్పటికిని ఆ ఫీజు బడిలోనే చదువుచున్నది. ఈ జ్యేష్ఠమున ఆమె మాటయు మా యింట తేలవలసియున్నది.