మనస్సు నిలువని పిల్లలు

“వీనికి తెలివి లేక కాదండీ, మనస్సు నిలువదు” అని బడిపంతులు చెప్పగా విననివారు పల్లెలలో అరుదు. ఆ మాటలో సత్యమెంతో కలదు. కాని దాని వెనుక సాధారణముగా వచ్చునది బెత్తము. కావున ఈ విషయమును కొంచెము విపులముగా పాఠకుల ముందుంచదలచితిమి.

బాల్యముననే పొడసూపు ఒక స్థితిని వైద్యులు ఏ.డి.హెచ్.డి. అందురు. దీనికి తెలుగున స్థిరపడిన పేరు లేనందున డాక్టర్లు పలుకునట్లే వ్రాయుచున్నాము. దృష్టి నిలుపలేకపోవుట, కుదురుగా కూర్చుండలేకపోవుట, ఆలోచింపకమునుపే పని చేసివేయుట దీని లక్షణములు. ఇది నిన్న మొన్న కనిపెట్టిన జబ్బు కాదు. 1902లోనే లండన్ నగరమున జార్జి స్టిల్ అను పిల్లల వైద్యుడు ఇట్టి బాలురను గూర్చి ఉపన్యసించెను.

రెండవది బైపోలార్ వ్యాధి. ఇది ఎక్కువగా కౌమారము చివరను, యౌవనారంభమునను బయటపడును. కొంతకాలము అమితోత్సాహము, నిద్ర అక్కరలేకపోవుట, ఆగని మాటలు, డబ్బు వెదజల్లుట. మరికొంతకాలము దిగులు, నిరాశ, మంచము దిగలేకపోవుట. మొదటిదానిలో చాంచల్యము చిన్ననాటినుండి నిత్యముగా నుండును. రెండవదానిలో విడతలుగా వచ్చిపోవును. “ఎప్పటినుండి ఇట్లున్నాడు?” అని డాక్టరు అడుగు ప్రశ్నకు జవాబు తల్లి వద్దనే యుండును.

ఇక తెలివి మాట. తెలివి యనునది ఒకే ముద్ద కాదు. “కిలో కందిపప్పు, అరకిలో బెల్లము, ఒక సబ్బు తెచ్చి, చిల్లర లెక్కచూచుకొని రారా” అని తల్లి కొడుకును అంగడికి పంపినదనుకొందము. ఆ మాటలను దారి పొడుగునను మనస్సున పట్టియుంచుట ఒక శక్తి. దారిలో క్రికెట్టు ఆట కనబడినను ఆగకుండ పోవుట మరియొక శక్తి. చిల్లర లెక్క వేగముగా తేల్చుట మూడవది. ఏ.డి.హెచ్.డి. గల పిల్లలలో పలువురికి మొదటి రెండును బలహీనముగా నుండును. అట్టివాడే పాఠము అర్థము చేసికొనుటలో ఎవరికిని తీసిపోకపోవచ్చును. బైపోలార్ గల యువకులలో విన్నది జ్ఞాపకముంచుకొనుట, ఆలోచన వేగము, ముందువెనుకలు చూచి పని అమర్చుకొనుట దెబ్బతినుచుండును. వ్యాధి ఉధృతి తగ్గి మనిషి మామూలుగా కనబడుచున్నప్పుడును ఈ లోపము కొంత మిగిలియుండవచ్చును. “జబ్బు నయమైనదిగదా, ఇంకను చదువడేమి?” అని కోపించు తండ్రి ఈ సంగతి ఎరుగవలెను.

రెండును కలిసిన యువకులు కూడ కలరు. బైపోలార్ మాత్రమే గలవారికన్న వీరు ధ్యాస నిలుపుటలో వెనుకబడినట్లు పెక్కు పరిశోధనలలో కనబడినది. ఇట్టివారికి వైద్యులు సాధారణముగా ముందు ఉద్రేకమును అదుపులోనికి తెచ్చి, ఆ పిమ్మటనే దృష్టి నిలుపు మందులు మొదలిడుదురు. వరుస తప్పినచో ఉద్రేకము పెచ్చుపెరుగవచ్చును. పొరుగింటి పిల్లవానికి పనిచేసిన బిళ్ళను మన పిల్లవానికి వేయరాదనుట ఇందుకే.

బైపోలార్‌కు లిథియం మంచి మందు. 1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ దీని ఉపయోగమును ప్రకటించెను. అయితే దీనిని వాడువారు డాక్టరు చెప్పినప్పుడెల్ల రక్తపరీక్ష చేయించుకొనవలెను. మన వేసవి ఎండలలో నీరు చాలక పోయినను, వాంతులు విరేచనములు పట్టుకొన్నను, రక్తములో మందు మోతాదు మించి ప్రమాదము కలుగును. చేతులు ఎక్కువగా వణకుట, నడకలో తూలుట, మాట తడబడుట కనబడిన తక్షణమే ఆసుపత్రికి తీసికొనిపోవలెను. నిద్ర చెడుట ఉద్రేకమునకు దారి తీయును గనుక ఇట్టి యువకులను రాత్రివేళ పొలమునకు నీరు పెట్టుటకు పంపకుండుట మేలు.

బడిలో ముందు బల్లపై కూర్చుండబెట్టి, ఒకసారి ఒక పనియే చెప్పి, దానిని పలకపైనో కాగితముపైనో వ్రాసి యిచ్చినచో పిల్లవాని భారము సగము తగ్గును. దీనికి పైకము అక్కరలేదు; ఓపిక కావలెను.

2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలి మానస్‌కు 14416 నంబరున ఫోను చేసి, పైకము లేకుండ తెలుగులోనే మాట్లాడవచ్చును. డాక్టరు వద్దకు పోవునపుడు ఒక నోటుపుస్తకమున నిద్రపోని రాత్రులు, బడి మానిన దినములు, వేసిన మందులు తేదీలతో వ్రాసికొని పోవలెను. చదువురాని తల్లులకు ఆశా కార్యకర్త వ్రాసి పెట్టగలదు.