గూటి మీద కెమెరా కన్ను

కాలిఫోర్నియాలోని బిగ్ బేర్ సరస్సు పక్కన, నేలకు సుమారు 145 అడుగుల ఎత్తున, ఒక జెఫ్రీ పైన్ చెట్టు మీద జాకీ, షాడో అనే గద్దల జంట కాపురం ఉంటోంది. తెల్లని తల, పసుపు ముక్కు ఉన్న ఈ బాల్డ్ ఈగిల్ జంటను ‘ఫ్రెండ్స్ ఆఫ్ బిగ్ బేర్ వ్యాలీ’ సంస్థ కెమెరా రాత్రింబవళ్లు ప్రత్యక్షంగా చూపిస్తుంది. చీకట్లో అది పరారుణ కాంతితో పనిచేస్తుంది.

గుడ్లను ఇద్దరూ వంతులవారీగా పొదుగుతారు. 2024 ఫిబ్రవరిలో మంచు తుఫాను విరుచుకుపడితే, జాకీ రెండు రోజులకు పైగా గుడ్ల మీద నుంచి లేవలేదు. అయినా ఆ ఏడాది పెట్టిన మూడు గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు.

2025 మార్చిలో మూడు పిల్లలు పుట్టాయి. కొద్దిరోజులకే వచ్చిన తుఫానులో ఒకటి చనిపోయింది. మిగిలిన సన్నీ, గిజ్మో జూన్‌లో రెక్కలు విప్పి ఎగిరాయి.

ఈ జాతి ఒకప్పుడు అంతరించే దశకు చేరింది. డీడీటీ పురుగుమందు ఆహారం ద్వారా ఒంట్లో చేరి గుడ్ల పెంకులను పలచబరిచేది. తల్లి కూర్చుంటే గుడ్డు చితికిపోయేది. 1963లో అలాస్కా, హవాయి మినహా అమెరికా మొత్తంలో 417 జంటలే గూళ్లు కట్టాయని లెక్క. 1972లో డీడీటీని నిషేధించాక సంఖ్య పెరిగింది. 2007లో ముప్పున్న జాతుల జాబితా నుంచి తొలగించారు.

చూడాలనుకునేవారికి జనవరి నుంచి జూన్ వరకు మంచి కాలం. అక్కడ పగలంటే మనకు రాత్రి. రాత్రి ఎనిమిదిన్నర దాటాక తెర తెరిస్తే తెల్లవారిన గూడు కనిపిస్తుంది.