వంద జతల్లో అరవై నాలుగు: పనిచేసే చోటి మనస్తత్వశాస్త్రం ఏం నేర్పుతుంది?

బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో సాయంత్రం ఏ ఆంధ్రా మెస్‌లో కూర్చున్నా పక్క టేబుల్ మాటలు చెవిన పడతాయి. మెడలో ఐడీ కార్డు ఇంకా తీయరు. పప్పులో నెయ్యి కలుపుతూనే ఎవరు పేపర్లు పెట్టారో, ఎవరికి ఇంటర్వ్యూ పోయిందో చెప్పుకుంటుంటారు. ఈ కబుర్లనే శాస్త్రంగా చదివించే పీజీ కోర్సు ఉందట కదా, అందులో చేరవచ్చా అని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు.

దాని పేరు ఇండస్ట్రియల్ అండ్ ఆర్గనైజేషనల్ సైకాలజీ. పనిచేసే చోట మనిషి ఎందుకు రాణిస్తాడు, ఎందుకు విసిగిపోతాడు, ఎందుకు వెళ్లిపోతాడు అన్నది దాని విషయం. హాజరు, జీతం, ప్రమోషన్, రాజీనామా లాంటి రికార్డుల నుంచి గణాంకాలతో జవాబు రాబడితే అది పీపుల్ అనలిటిక్స్.

ఎంబీఏ హెచ్‌ఆర్ ఉంది కదా, మళ్లీ ఇదెందుకు అంటారా? ఎంబీఏలో నియామకాలు, జీతభత్యాలు, కార్మిక చట్టాలు ఎలా నడపాలో నేర్పుతారు. ఇక్కడ నేర్పేది వేరు: మనం చేస్తున్నది పనిచేస్తోందని మనకెలా తెలుసు?

ఇంటర్వ్యూనే తీసుకోండి. 2022లో మనస్తత్వ శాస్త్రవేత్త పాల్ సాకెట్ బృందం దశాబ్దాల పరిశోధనలను తిరిగి లెక్కగట్టింది. నోటికొచ్చిన ప్రశ్నలడిగే మామూలు ఇంటర్వ్యూకు, తర్వాతి పనితీరుకు మధ్య కోరిలేషన్ 0.19 అని తేలింది. అందరికీ ఒకే ప్రశ్నలు వేసి, ఒకే పద్ధతిలో మార్కులిచ్చే ఇంటర్వ్యూకు అది 0.42. రెండు అంకెలు ఎంతవరకు జతగా నడుస్తాయో చెప్పే కొలతే కోరిలేషన్. 0 అయితే సంబంధమే లేదు, 1 అయితే ఒకటి తెలిస్తే రెండోది తెలిసినట్టే.

ఈ అంకెను ఇంటి లెక్కలోకి దించుదాం. ఇద్దరు అభ్యర్థులున్నారు, ఒకరినే తీసుకోవాలి. ఇలాంటి జతలు వంద. బొమ్మా బొరుసా వేసినా యాభై సార్లు మెరుగైనవారే దొరుకుతారు. మార్కులూ పనితీరూ మధ్యలో ఎక్కువమంది, రెండు చివర్లలో కొద్దిమంది ఉండే మామూలు తీరులో ఉన్నాయనుకుంటే, 0.19తో ఆ యాభై 56 అవుతుంది. 0.42తో 64 అవుతుంది.

ఇంతేనా అనిపించవచ్చు. కానీ మామూలు ఇంటర్వ్యూ కంటే వందకు ఎనిమిది సరైన ఎంపికలు ఎక్కువ. దానికైన ఖర్చల్లా ప్రశ్నలు ముందే రాసుకోవడం, మార్కులు ఎలా వేయాలో ముందే ఒప్పుకోవడం. మిగిలిన 36 జతల్లో మెరుగైన మనిషే వెనక్కి వెళ్లిపోతున్నారు. ఇంటర్వ్యూ పోయిందని కుండలహళ్లి మెట్రోలో తల వంచుకుని కూర్చున్న పిల్లలకు ఈ అంకె ఎవరైనా చెబితే బాగుంటుంది.

ఇదంతా అమెరికా సరుకు కదా అన్నది ఇంకో అనుమానం. కానీ మైసూరు విశ్వవిద్యాలయంలో మనస్తత్వశాస్త్ర విభాగం 1924లోనే మొదలైంది. దాన్ని నడిపిన ఎం.వి.గోపాలస్వామి, కోరిలేషన్ లెక్కలకు పేరుపడ్డ చార్లెస్ స్పియర్‌మన్ దగ్గర లండన్‌లో చదువుకున్నారు. ఎల్ అండ్ టీ సంస్థలో హెచ్‌ఆర్‌డీ విభాగం ఎలా ఉండాలో 1975లో రూపురేఖలు గీసిన ఇద్దరిలో ఒకరు మన తెలుగు ఆచార్యుడు టి.వి.రావు, రెండోవారు ఉదయ్ పరీక్.

అన్నిటికంటే నాకు నచ్చేది కాకినాడ ప్రయోగం. 1964లో హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్, హైదరాబాద్‌లోని సియెట్ సంస్థతో కలిసి, సాధించాలన్న పట్టుదల పెంచే శిక్షణను కాకినాడ వ్యాపారులకు ఇప్పించారు. శిక్షణకు ముందు కొత్త పనులకు చురుగ్గా దిగేవాళ్లు సుమారు ఐదుగురిలో ఒకరు. తర్వాతి రెండేళ్లలో ఇద్దరిలో ఒకరయ్యారు. అసలు కిటుకు ఇక్కడుంది: శిక్షణ పొందనివాళ్లను కూడా అంతకాలమూ గమనించారు. ఆ పోలిక బృందాన్నే కంట్రోల్ గ్రూప్ అంటారు. వాళ్లలో చురుకైనవాళ్లు నలుగురిలో ఒకరి దగ్గరే ఆగారు. ఆ పోలిక లేకపోతే, పెరుగుదల శిక్షణ వల్లా, మారిన కాలం వల్లా అన్నది తేలేది కాదు. ఈ రోజు వెల్‌నెస్ కార్యక్రమాలు పెట్టే ఆఫీసులు ఎన్ని ఈ పోలిక చూస్తున్నాయో అడిగి చూడండి.

ఇక కంప్యూటరే చెప్పేస్తుందిగా, ఎవరు మానేస్తారో? వెయ్యి మంది ఉన్న ఆఫీసు అనుకుందాం. ఈ మూడు నెలల్లో 50 మంది మానేస్తారు. మన సాఫ్ట్‌వేర్ వాళ్లలో 80 శాతాన్ని, అంటే 40 మందిని పసిగట్టింది. ఉండిపోయే 950 మందిలో పది శాతాన్ని, అంటే 95 మందిని పొరపాటున అనుమానించింది. జాబితాలో మొత్తం 135 పేర్లు. అందులో నిజంగా వెళ్లేవాళ్లు 40 మందే. పదిమందిని గదిలోకి పిలిచి మాట్లాడితే ఏడుగురికి ఆ ఆలోచనే లేదన్నమాట. ఆ అనుమానంతో ఒక ప్రమోషన్ ఆగితే, లేని ఆలోచన అప్పుడు పుడుతుంది. ఈ నష్టాన్ని ముందే చూడగలగడమే ఈ చదువు ఇచ్చే నైపుణ్యమని నేను నమ్ముతాను.

ఉద్యోగం మానకుండా దూరవిద్యలో చేయవచ్చా? ఇప్పుడు కుదరదు. 2025 జులై–ఆగస్టు విద్యా సెషన్ నుంచి సైకాలజీలో దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతుల్లో కొత్తగా విద్యార్థులను చేర్చుకోవద్దని యూజీసీ ఆదేశించింది. అలాంటి ప్రకటన ఎక్కడైనా కనిపిస్తే డబ్బు కట్టకండి. కాబట్టి తరగతికి వెళ్లక తప్పదు. రెగ్యులర్ కోర్సులో ఒక క్రెడిట్ అంటే 15 గంటల తరగతి. నాలుగు క్రెడిట్ల పేపరు ఒక్కటే 60 గంటలు. వారానికి నాలుగు గంటల చొప్పున పదిహేను వారాలు.

ఇది చదివితే క్లినికల్ సైకాలజిస్టు కావచ్చా అంటే, ఇది ఆ దారి కాదు. అలా పనిచేయడానికి రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు, అక్కడ రిజిస్ట్రేషన్ వేరే ఉండాలి.

ఫీజు కట్టే ముందు కాలేజీకి వెళ్లి రెండు కాగితాలు అడగండి: స్టాటిస్టిక్స్ పేపరు సిలబస్, నిరుడు విద్యార్థులు చేసిన ప్రాజెక్టుల జాబితా. సిలబస్‌లో కోరిలేషన్, కంట్రోల్ గ్రూప్ ఉన్నాయో లేదో, ప్రాజెక్టుల్లో నిజమైన ఆఫీసు లెక్కలు ముట్టుకున్నారో లేదో చూడండి. ఆ కాగితాలు చూపించని చోట చేరకండి.